పైడితల్లి బూజు బొమ్మలు

మృగశిర కార్తె, మంగళవారం

ఈ తనిఖీ పుస్తకంలో ఉన్నవి రెండే గళ్ళు. బూజు ఉంది, బూజు లేదు. ఏదో ఒకదాంట్లో గీత పెట్టి, కింద పోలినాయుడు అని సంతకం చెయ్యడం నా పని. ఇన్నేళ్ళూ అలాగే చేశాను. ఇవాళ ఆ రెండు గళ్ళూ చాలలేదు. ఇవాళ నేను వెళ్ళిన చోట బూజుని కావాలని పెంచుతున్నారు.

పెంచుతున్నారు అని రాస్తుంటేనే చెయ్యి దురద పెడుతోంది. మా తెప్పలూరులో పుట్టినవాడెవడికైనా అంతే. తెల్లారి బూర మోగగానే ఊరు ఊరంతా గుడ్డని బూజు చంపే పుల్లనీళ్ళలో ముంచి గోడలు తుడవాలి. మొహం కడుక్కోవడం ఆ తరవాతే. చుట్టూ సముద్రం, నెత్తిమీద కప్పు, అందరికీ ఒకటే గాలి. ఒక మూల బూజు పడితే గాలి గొట్టాల్లోంచి వరి గదికి పాకుతుంది. వరి పోతే ఇక మాకు తిండి లేదు. మా ఆవిడ ఎరకమ్మే వరి గదికి పెద్ద. నేను ఇంటికి రాగానే ముందు నా గుడ్డ వాసన చూస్తుంది, తరవాత నన్ను చూస్తుంది.

ఇవాళ వెళ్ళింది గంటా పైడితల్లి గారి తెప్పకి. ఊరి చివర ఒంటరిగా కట్టేసి ఉంటుంది. ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. బొమ్మల సినిమాలు తీస్తుంది. ఇప్పుడు ఇంటింటా ఉన్న తెర గోడకి చెబితే చాలు, ఎవరికి కావలసిన కథ వాళ్ళకి నున్నగా ఆడించి చూపిస్తుంది కదా. ఈవిడ మాత్రం ఏ కాలం నాటివో ఫిల్ము చుట్టలు దాచుకుని, దానిమీద గోరంత గోరంత బొమ్మలు చేత్తో వేసి, చక్రం తిప్పి, వెలుతురు పెట్టి చూపిస్తుంది. ఊళ్ళో ఆవిడ పేరు పిచ్చి బొమ్మల పైడితల్లి.

మా పెళ్ళైన కొత్తలో ఒకటి చూశాం. ఉప్పునీళ్ళు ఫిల్ము మీద చుక్కలేసి ఆరబెట్టిందట. తెరమీద ఉప్పురాళ్ళు పుడతాయి, పెరుగుతాయి, పగులుతాయి. అంతే. కథా లేదు, పాటా లేదు. "ఇదేటయ్యా, మన ఉప్పు జాడీ మూత తీసి చూసినట్టుంది" అంది ఎరకమ్మ. సగంమంది లేచిపోయారు. నేను లేవలేదు గానీ, నిద్రపోయాను. ఆ తరవాత చేప పొలుసులతో ఇంకోటి తీసింది. దానికి ఎవరూ వెళ్ళలేదు.

ఇప్పుడు బూజుతో తీస్తానని పంచాయతీని అడిగింది. మూత బిగించిన గాజుపెట్టెలో పెంచాలి, వారం వారం తనిఖీదారు చూడాలి అని ఒప్పుకున్నారు. ముసలావిడ ఆఖరి ముచ్చట అనుకున్నారేమో.

గుమ్మంలోనే ఆపింది.

"గుడ్డ బయట పెట్టి రా."

"గుడ్డ లేని తనిఖీదారు ఎక్కడైనా ఉంటాడా అండీ?"

"నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు నాయనా."

"ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న చెయ్యండీ ఇది!"

"అందుకే."

నేను వింటానా? గుడ్డ నడుముకి దోపుకునే లోపలికెళ్ళాను. పెట్టెలో ఫిల్ము పొడుగ్గా పరిచి ఉంది. సన్నటి కుంచెతో దానిమీద గంజి రాస్తుంది. గంజి ఉన్నచోట నల్లగా, నీలంగా బూజు మొలుస్తుంది. ఫిల్ములో ఒక బొమ్మ గడిలో కొంచెం, పక్క గడిలో ఇంకొంచెం. ఒక ముక్క తీసి చక్రానికి తగిలించి తిప్పింది. గోడమీద నిలువెత్తు బూజు పాకుతూ వచ్చింది. నా చెయ్యి నడుము దగ్గర గుడ్డ మీదికి పోయింది. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

బూజు ఉంది. అనుమతి కూడా ఉంది.

ఆరుద్ర కార్తె, మంగళవారం

ఇవాళ అంబలి పెట్టింది. ఉల్లిపాయ కొరుక్కుని తాగుతూ అడిగేశాను.

"పైడితల్లి గారూ, ఇంతకీ ఇందులో కథేమిటండీ?"

"కథ లేదు నాయనా. ఒక చెయ్యి ఉంది. అది రావట్లేదు."

ఆవిడకి ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు వాళ్ళమ్మకి ఊపిరి జబ్బు వచ్చిందట. బూజు లోపలికి పోతే వచ్చే జబ్బు. ఇప్పుడు మందుంది. అప్పట్లో లేదు, అద్దాల గదిలో పెట్టేసేవారు. పొద్దున్నే వాళ్ళ నాన్న ఈవిణ్ణి తీసుకెళ్ళి ఆ అద్దం ముందు నిలబెట్టేవాడు. అద్దం నిండా ఆవిరి, దానిమీద నల్లగా బూజు. లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి తుడిచేది.

"తుడిచి, మాట వినబడే గొట్టంలోంచి 'ఉన్నావా?' అనేది. 'ఉన్నానమ్మా' అనేదాన్ని. రోజూ అదే మాట. ఒకనాడు ఎంతసేపు నిలబడ్డా తుడవలేదు."

నేను అంబలి గిన్నె కింద పెట్టేశాను.

"అమ్మ మొహం మరిచిపోయాను నాయనా. ఎంత తన్నుకున్నా రావట్లేదు. చెయ్యి ఒక్కటే గుర్తుంది, అది తుడవగానే వచ్చే వెలుగు గుర్తుంది. నేను పోయేలోగా ఆ అద్దం ఇంకొక్కసారి తుడుచుకోవడం చూడాల. ఉప్పుతో అదే తియ్యబోయాను. పొలుసులతోనూ అదే."

"గోడనడిగితే చిటికెలో చూపించదూ?"

"అడగలేదనుకున్నావా? తెల్లగా, నున్నగా, మోచేతిదాకా గాజులేసుకున్న చెయ్యి చూపించింది. మా అమ్మది ఎండుచేపలు తిరగేసిన చెయ్యి."

ఆ బూజు ఎక్కడిదో కూడా చెప్పింది. వాళ్ళమ్మ పోయి గది ఖాళీ చేసినప్పుడు, అద్దం తుడిచిన గుడ్డని ఈవిడ ఒక డబ్బాలో దాచేసిందట. అందులోదే ఇది. ఇన్నేళ్ళూ గంజి చుక్కలేసి బతికించుకుంటూ వచ్చింది.

"అమ్మని తినేసిన బూజే ఇది. అంత తిన్నాక, ఇందులో రవ్వంతైనా మా అమ్మ ఉండదేటి?"

చెప్తూ చెప్తూ దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఇంత ముసలి ఊపిరికి మందు పనిచెయ్యదు, పంచాయతీకి తెలిస్తే అద్దాల గదే. నాకేసి చూసింది. దగ్గుకి ఈ పుస్తకంలో గడి లేదు. కాబట్టి దగ్గు లేదు.

ఆరుద్ర కార్తె, మళ్ళీ మంగళవారం

తిట్లు తిన్నాను. తినాల్సిందే.

పెట్టె మూత తీసి ఉంది. ఆవిడ అంబలి తేవడానికి లోపలికెళ్ళింది. నేను ఫిల్ము మీదకి వంగి చూస్తున్నాను. నల్లగా, ఒత్తుగా, మెత్తగా ఉంది బూజు. నేను తుడవాలని అనుకోలేదు. చెయ్యి దానంతటది నడుము దగ్గరికెళ్ళి, గుడ్డ తీసి, ఒక్క తుడుపు తుడిచేసింది. జానెడు ఫిల్ము! ముప్ఫై ఏళ్ళుగా బూజు కనబడితే ఆ చెయ్యి చేసే పని అదొక్కటే.

"ఓరి సచ్చినోడా! చెయ్యి పడిపోనూ! చెప్పానా లేదా గుడ్డ బయట పెట్టమని!"

గిన్నె విసిరేసింది. నేను గుడ్డ జేబులో కుక్కేసుకుని గోడకి అతుక్కుపోయాను. ఎంత పోయిందో చూద్దామని ఆవిడ ఏడుస్తూనే ఫిల్ము చక్రానికి తగిలించి తిప్పింది. బూజు పాకింది, గోడంతా నల్లబడింది, టక్కున ఒక తుడుపు, వెలుగు, మళ్ళీ నలుపు.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"మళ్ళీ తిప్పు."

తిప్పాను. మళ్ళీ అంది. ఎన్నిసార్లు తిప్పానో తెలీదు, భుజం లాగేసింది. ఆవిడ నేలమీద కూలబడి గోడకేసి చూస్తూనే ఉంది.

"ఐమూలగా తుడిచేది. కిందనుంచి పైకి, ఐమూలగా. ఇన్నేళ్ళూ నేను అడ్డంగా అనుకున్నాను. నాయనా, నీది ఎడంచేతి వాటమా?"

"అవునండీ."

"మా అమ్మదీ అంతే" అని నా చెయ్యి పట్టుకుంది. ఇందాక పడిపోవాలని శపించింది ఆ చెయ్యినే. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఇకమీదట ఈవిణ్ణి గారు అనడం నావల్ల కాదు, పెద్దమ్మా అనే పిలుస్తాను.

వస్తూ వస్తూ వరి గదికి వెళ్ళి ఎరకమ్మని తీసుకుని ఇంటికొచ్చాను. అక్కడ ఉన్నప్పుడు ఒక నారుతట్ట అంచున తడి కనబడితే తుడిచాను. మనసు ఎక్కడో ఉంది. ఇద్దరం కలిసే రావడంతో తనూ ఇవాళ గుడ్డ వాసన చూడలేదు.

పునర్వసు కార్తె, గురువారం

వరి గదిలో మచ్చలు పడ్డాయి. నీలంగా, నల్లగా.

ఆ రంగు చూడగానే నా జేబు గుర్తొచ్చింది. బూజు తుడిచిన గుడ్డ పుల్లనీళ్ళ బాల్చీలో పడెయ్యాలి. మా ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. తిట్లకి భయపడి జేబులో కుక్కుకున్నాను, అదే గుడ్డతో తట్ట తుడిచాను.

ఎరకమ్మకి చెప్పాను. ముందు నమ్మలేదు. తరవాత నా మొహం చూసి నమ్మింది.

"నువ్వా? తనిఖీ చేసేవాడివి, నువ్వా?" అంది. ఆ వరస తట్టలన్నీ తనే దగ్గరుండి కాల్పించింది. నారు పోసిన నాటినుంచీ పేరుపెట్టి పిలుచుకునే తట్టలవి. మంట దగ్గర నేను పక్కన నిలబడితే జరిగి దూరంగా నిలబడింది. తిడితే బాగుండును.

పంచాయతీలో కూడా నేనే చెప్పాను. మా పంచాయతీ పెద్ద తవిటినాయుడు నా గుడ్డ లాక్కుని తనిఖీ పని మాన్పించేశాడు. ఈ పుస్తకం అడగడం మరిచిపోయాడు, నేను గుర్తుచెయ్యలేదు. ఊరందరికీ ఊపిరి పరీక్ష పెట్టారు. పెద్దమ్మ దొరికిపోయింది. మూసిపెట్టిన అద్దాల గది బాగుచేసి, పుష్యమి కార్తె దాటగానే ఆవిణ్ణి అందులో పెడతారు, ఫిల్మునీ ఆ డబ్బాలో గుడ్డనీ ఆవిరి బానలో ఉడకబెడతారు. బూజు పోగు ఒక్కటి కూడా బతక్కూడదు.

చెప్పడానికి వెళ్ళాను. కాళ్ళు పట్టుకుందామనే వెళ్ళాను.

"పెద్దమ్మా, అంతా నావల్లే."

"తెలుసులే, లే. ఒక్క సంగతి చెప్పు. ఆవిరిలో ఉడికిన బూజు ఏమవుద్ది?"

"చచ్చిపోయి మచ్చ కింద అతుక్కుపోతుంది. ఇక ఎంత రుద్దినా పోదు."

"బతికున్నదైతే గుడ్డకొచ్చేస్తాదా?"

"వచ్చేస్తుంది."

"మరింకేటి? కావలసిన చోట ఇప్పుడే తుడిచేద్దాం. మిగతాది మచ్చై ఉండిపోతుంది. నువ్వు తుడుస్తావు, నేను చెప్తాను."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. బూజు పాకి పాకి గడి నిండా నల్లబడ్డాక, ఒక గడిలో గోటి మొనంత తుడవాలి. పక్క గడిలో ఇంకాస్త. ఆ పక్కన ఇంకాస్త. చివరికి మొత్తం శుభ్రం. చక్రం తిప్పితే ఆ తుడుపు గోడమీద కదులుతుంది. వాళ్ళమ్మ అద్దం తుడుస్తుంది.

పుష్యమి కార్తె, శనివారం

వెదురుపుల్లకి దూది చుట్టి, పుల్లనీళ్ళలో ముంచి తుడుస్తున్నాను. మూతికి గుడ్డలు కట్టుకున్నాం. పని సాగట్లేదు. తుడవడం నాకు కొత్తా? అదే చిక్కు.

"అంత శుభ్రంగా తుడవకు నాయనా! నువ్వు గోడ తుడుస్తున్నావు. మా అమ్మ శుభ్రం కోసం తుడిచేదేటి? ఆత్రంగా తుడిచేది."

ఆత్రంగా తుడవడం నాకు రాదు. మూల వదలకూడదు, గీత మిగలకూడదు అని నేర్చుకున్న చెయ్యి. నాలుగు బొమ్మలు చేస్తే మూడు బాగాలేవంటుంది. బాగాలేనివాటి మీద మళ్ళీ బూజు మొలిచేదాకా ఆగాలి. అంత టైము లేదు. ఆవిడ దగ్గు కూడా ఎక్కువైంది, మాట మధ్యలో ఆగి గోడ పట్టుకుంటోంది.

పుష్యమి కార్తె, సోమవారం

ఎరకమ్మ వచ్చింది!

నాకోసం కాదులెండి. పంచాయతీ తరఫున కాపలా. బూజు బయటికి పోకుండా దగ్గరుండి చూస్తానంది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. నాతో మాటల్లేవు. పొద్దెక్కేదాకా నా తుడుపు చూసింది, పెద్దమ్మ తిట్లూ, వాళ్ళమ్మ అద్దం సంగతీ వింది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"అలా కాదయ్యా. కింద మూలనుంచి మొదలుపెడతావేటి? అవతల పిల్ల నిలబడి ఉంది కదా. ముందు పిల్ల మొహం ఉన్నచోట తుడుస్తుంది. పిల్ల కనపడ్డాక మిగతాది తుడుస్తుంది."

పెద్దమ్మ తిట్లు ఆపింది. తన పక్కన చాప మీద చోటు చూపించింది. ఎరకమ్మ కొంగు బిగించి కూర్చుని నా చేతిలో పుల్ల లాక్కుంది. నడుమ చిన్న చుక్క. పక్క గడిలో ఆ చుక్క ఐమూలగా సాగింది. మూడో దాంట్లో ఇంకా పైకి. తన చేతికి వణుకు లేదు, అలాగని నాలా శుభ్రమూ లేదు.

"నా వరి తిన్న బూజు" అంటూ తుడిచింది కాసేపు. తరవాత ఏమీ అనకుండా తుడిచింది. దూది పుల్లలు నేను చుట్టి ఇచ్చాను. ఒకసారి పుల్ల అందుకుంటూ నా వేళ్ళు పట్టుకుని వదిలింది. ఈ పుస్తకంలో దానికీ గడి లేదు.

ఆశ్లేష కార్తె, బుధవారం

ఫిల్మునీ, డబ్బాలో గుడ్డనీ ఆవిరి బానలో పెట్టారు. మూత పెట్టేముందు పెద్దమ్మ ఆ గుడ్డని ఒకసారి చూసింది. ముట్టుకోలేదు.

"ఇక లేదు కదా" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను, నోరుంది కదా అని.

"ఎన్నాళ్ళని దాస్తాను నాయనా. ఆ బూజుని అమ్మ చేత్తోనే తుడిపించేశాను, చాలు."

ఫిల్ము బయటికొచ్చింది. బూజు చచ్చింది, మచ్చలు నిలిచాయి. పెద్దమ్మని అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. తనే నడిచి వెళ్ళింది, నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. అప్పుడు తగిలింది మాకు అసలు సంగతి. ఫిల్ము అయింది, చూడాల్సినావిడ లోపల ఉంది. చక్రం, దీపం లోపల పెట్టడానికి వీల్లేదు. పూర్తయిన ఫిల్ముని చక్రానికి తగిలించి చూసుకోనేలేదు ఆవిడ, ఒక్కసారి కూడా.

ఎరకమ్మే అద్దం చూపించింది. లోపల వేడి గాలి వల్ల అద్దం నిండా ఆవిరి పట్టి తెల్లగా ఉంది.

"ఇంతకంటే తెర ఏం కావాలయ్యా? నువ్వు బయటినుంచి వెయ్యి. ఆవిడ లోపల్నుంచి చూస్తాది."

ఆశ్లేష కార్తె, శుక్రవారం

ఊరంతా వచ్చింది. ఎరకమ్మ వరి కాల్చిన మంట అందరూ చూశారు కదా, అంతపనీ చేసిన బూజు సినిమా ఏమిటో చూద్దామని వచ్చారు. తవిటినాయుడు కూడా వచ్చి వెనకాల నిలబడ్డాడు.

చక్రం నేనే తిప్పాను. అద్దంమీద ఒక నల్లచుక్క మొలిచింది. పక్కన ఇంకోటి. పాకాయి, కలిశాయి, ఒత్తుగా పెరిగాయి. జనంలో కదలిక మొదలైంది. పళ్ళు కొరుకుతున్నారు, చేతులు పిసుక్కుంటున్నారు. మా ఊళ్ళో బూజుని చూస్తూ ఊరుకోవడం ఎవరికి చేతనవుతుంది? అద్దం మొత్తం నల్లబడిపోయింది. చీకటైంది.

నడుమ చిన్న వెలుగు పుట్టింది.

అది ఐమూలగా సాగింది. ఆగింది. మళ్ళీ ఆత్రంగా, పైకి, పక్కకి. నేను తల తిప్పి జనాన్ని చూశాను. ఒట్టు, ఒక్కళ్ళకీ తెలీదు తాము ఏం చేస్తున్నారో. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరి చేతులూ లేచాయి. అందరూ గాల్లో తుడుస్తున్నారు. తవిటినాయుడు కూడా.

చివరి గళ్ళు వచ్చాయి. మచ్చన్నది లేదు. అద్దం నిండా తెల్లటి వెలుగు. ఫిల్ము అయిపోయింది, నేను దీపం ఆర్పలేదు. లోపల ఆవిడ చూసిందో లేదో, అసలు కళ్ళు తెరిచే ఉందో లేదో అని అద్దానికేసి వంగాను.

అప్పుడు ఆ ఆవిరిలో, లోపల్నుంచి ఒక చెయ్యి ఆనింది. ముడతలుపడ్డ ముసలి చెయ్యి. కిందనుంచి పైకి ఐమూలగా తుడిచింది. తుడిచిన చోట దీపం వెలుగు లోపలికి దూరి సరిగ్గా ఆవిడ మొహం మీద పడింది. చెంపలు తడిసి ఉన్నాయి. ఎంత బాగుందో ఆ మొహం! ఆవిడ మమ్మల్ని చూడట్లేదు. అద్దంలో ఆ వెలుతురుకి కనబడుతున్న తన మొహాన్నే చూసుకుంటోంది. చూసి చూసి, దగ్గరికి జరిగి, చెంప మీద వేలు పెట్టుకుంది.

"అమ్మా" అంది. గొట్టంలోంచి మా అందరికీ వినబడింది.

మొహం మరిచిపోయానంది కదా. ఈ ఎనభై ఏళ్ళూ ఆ అమ్మ పోలిక ఆవిడ మొహంలోనే ఉంది.

కాసేపటికి మావైపు చూసింది. అద్దం మళ్ళీ ఆవిరి పట్టేస్తోంది.

"ఉన్నావా?" అంది.

నేను నోరు తెరవబోయాను. ఎరకమ్మ నా పక్కనుంచి గట్టిగా "ఉన్నామమ్మా!" అంది. వెనకాల ఊరంతా అంది.

మఖ కార్తె, మంగళవారం

గుడ్డ తిరిగి ఇచ్చారు. ఎరకమ్మ కొత్త నారు పోసింది. నన్ను గదిలోకి రానిస్తోంది, గుమ్మం దగ్గర జేబులు తిరగేసి చూపించాకే.

పొద్దున్నే బూర మోగకముందే అద్దాల గదికి వెళ్తున్నాను. పెద్దమ్మకి ఇప్పుడు నిలబడే ఓపిక లేదు, మంచం అద్దానికి ఆనించి వేశారు. ఇవాళ ఒక మాట చెప్పింది.

"నేను తుడవని రోజు వస్తుంది నాయనా. ఆ రోజు నిలబడకు, ఎల్లిపో. నిలబడితే ఎలా ఉంటాదో నాకు తెలుసు."

"నేనెందుకు వెళ్ళిపోతాను? నాకు గుడ్డ ఉంది కదా. ఆ రోజు బయటినుంచి నేనే తుడుస్తాను."

"లోపలి ఆవిరి బయటినుంచి తుడిస్తే పోతాదేటిరా? ముప్ఫై ఏళ్ళు ఏం తనిఖీ చేశావు?" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది.

పోదని నాకు తెలీదా? అయినా తుడుస్తాను.

తనిఖీ చేసిన చోటు: అద్దాల గది. బూజు లేదు. ఆవిరి ఉంది. నేను ముట్టుకోలేదు, ఇవాళ ఆవిడే తుడిచింది.